వెసేలియస్ పుస్తకం వెంట పాదువా, బాసెల్

ఎంబీబీఎస్ మొదటి ఏడాదిలో మా అనాటమీ మేడమ్ చూపించిన బొమ్మ ఒకటి ముప్ఫై ఏళ్లు దాటినా నా మనసులోంచి పోలేదు. సమాధి మీద మోచెయ్యి ఆన్చి, ఎదురుగా ఉన్న పుర్రెను చూస్తూ ఆలోచనలో పడ్డ అస్థిపంజరం. అనాటమీ పండితుడు ఆండ్రియాస్ వెసేలియస్ 1543లో స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో అచ్చు వేయించిన ‘దె హ్యుమాని కార్పొరిస్ ఫాబ్రికా’ (మనిషి దేహ నిర్మాణం) అనే పుస్తకంలోది. అప్పటికి ఆయన వయసు 28. కింది దవడ రెండు ఎముకలని ప్రాచీన వైద్యుడు గేలెన్ రాస్తే పదమూడు వందల ఏళ్లు అందరూ అదే పాఠం చెప్పారు. ఈ కుర్రాడు స్వయంగా కోసి చూసి, ఒక్కటే ఎముక అని తేల్చాడు.

జర్మనీలో ఫ్రైబుర్గ్‌లో ఎంఎస్ చదువుతున్న మా అబ్బాయిని తోడు తీసుకుని, మొదట వెసేలియస్ పాఠాలు చెప్పిన ఇటలీ ఊరు పాదువా వెళ్లాను. వెనిస్ నుంచి రైల్లో అరగంట. చవగ్గా వస్తుందని స్టేషన్ పక్కన గది తీసుకున్నాం, అది పొరపాటు. రాత్రంతా రోడ్డు చప్పుడే. కాస్త ఎక్కువైనా పాత ఊళ్లో, పియాత్సా దెల్లె ఎర్బె చుట్టుపక్కల తీసుకోండి. కూరగాయల సంత అక్కడే కాబట్టి శాకాహారులకూ ఇబ్బంది ఉండదు.

యూనివర్సిటీ పాత భవనం పలాత్సో బోలోని అనాటమీ థియేటర్‌కి గైడు వెంటే వెళ్లాలి. టికెట్ ముందే కొనుక్కోవడం మంచిది. శవాన్ని ఉంచే చోటుకు కింద నిలబడి తలెత్తి చూస్తే, బావి అడుగు నుంచి ఆకాశం చూసినట్టు, కోడిగుడ్డు ఆకారంలో ఆరు అంతస్తుల చెక్క కటకటాలు. కూర్చోవడానికి చోటే లేదు, విద్యార్థులంతా నిలబడే చూసేవారట. అయితే ఒక మాట. వెసేలియస్ పాఠం చెప్పింది ఈ థియేటర్‌లోనేనని చాలామంది అనుకుంటారు, కాదు. ఇది కట్టింది 1595లో, తరవాతి కాలపు అనాటమీ ప్రొఫెసర్ ఫాబ్రీషియస్ హయాంలో. వెసేలియస్ కాలంలో శవాన్ని కోసి చూపించే పాఠానికి చెక్క గ్యాలరీలు తాత్కాలికంగా కట్టి విప్పేసేవారు.

ఆయన జాడ కోసమైతే ఊరి బయటికి వెళ్లాలి. పుస్తకంలో చర్మం తీసి కండరాలు చూపించే మనుషుల బొమ్మల వెనక కనిపించే కొండలు, వంతెనలు, శిథిలాలు ఉత్త అలంకారం కాదు. ఆ బొమ్మల్ని వరసగా పేరిస్తే ఒకే దృశ్యంగా కలుస్తాయి! అది పాదువా దగ్గరి యూగేనియన్ కొండల ప్రాంతమని గుర్తించారు. రైల్లో పది నిమిషాల్లో అక్కడ దిగాం. బాసెల్ యూనివర్సిటీ గ్రంథాలయం ప్రతిని స్కాన్ చేసి, పాత పుస్తకాల వెబ్‌సైట్ ఈ-రారాలో ఉచితంగా పెట్టారు, ట్యాబ్‌లో ఆ పేజీలు తెరిచి కొండల వంక చూస్తూ గంటసేపు కూర్చున్నాం. నా దృష్టిలో పాదువాలో థియేటర్ కంటే ఇదే గొప్ప అనుభవం.

అసలు ప్రతిని కళ్లారా చూడాలని ఒక గ్రంథాలయానికి రాశాను. జవాబు వచ్చేసరికి మేం ఇంటికి తిరిగొచ్చేశాం. కనీసం రెండు మూడు నెలల ముందు రాయండి.

బాసెల్‌కు మిలాన్‌లో రైలు మారాలి. పుస్తకంలో బొమ్మలు అచ్చు వేయడానికి చెక్కిన చెక్కదిమ్మలు కూడా మిలాన్ మీదుగానే ఆల్ప్స్ దాటి ముద్రాపకుడు ఒపోరినస్‌కు చేరాయి. 1930లలో మ్యూనిక్‌లో వాటితో మళ్లీ అచ్చు తీశారు కూడా, తరవాత యుద్ధంలో బాంబులకు కాలిపోయాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టవుతుంది.

బాసెల్‌లో అన్నీ మండే ధరలే. కానీ హోటల్లో దిగినవాళ్లకు ఇచ్చే కార్డుతో ట్రాములు, బస్సులు ఉచితం, మ్యూజియం టికెట్ సగం. రైన్ పక్కనున్న కాగితపు మిల్లు మ్యూజియంలో తొట్టిలోంచి గుజ్జు తీసి మన చేత్తో కాగితం చేయనిస్తారు. ఒక్క కాగితానికే అంత తంటా పడ్డాక, 600 పైచిలుకు పెద్ద పేజీల ఆ పుస్తకం ఎంత పనో అర్థమైంది.

ఒక్కరోజే ఉంటే బాసెలే ఎంచుకోండి, అక్కడి అనాటమీ మ్యూజియం కోసం. వేళలు తక్కువ, చూసుకుని వెళ్లండి. పుస్తకం అచ్చవుతున్నప్పుడే, 1543 మేలో, శిరచ్ఛేదం చేసిన ఒక నేరస్థుడి దేహాన్ని వెసేలియస్ అందరి ముందు కోసి, ఆ ఎముకల్ని తానే కూర్చి నిలబెట్టాడు. ఇప్పటికీ ఉంది. పేరు యాకోబ్ కారర్. ఆయన ముందు నిలబడితే నాకు మొదటి ఏడాది హాలు, ఫార్మలిన్ వాసన, అన్నీ గుర్తొచ్చాయి.

“మీ టేబుల్ మీద పడుకున్నాయన పేరేంటమ్మా?” అన్నాడు మావాడు.

“పేరు చెప్పలేదు నాన్నా. మాది నాలుగో నంబరు టేబుల్.”