ట్రక్కు వెనక కూర్చుంటోందా? ఎయిర్ బ్యాగులా, కొత్త కమాన్ కట్టలా: ఏది మేలు?

మెమోరియల్ డే, థ్యాంక్స్‌గివింగ్ లాంటి లాంగ్ వీకెండ్ దగ్గర పడితే చాలు, ఇక్కడ టెక్సస్‌లో మనవాళ్ల దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. "అన్నా, క్యాంపింగ్ సామానంతా ఎక్కిస్తే ట్రక్కు వెనక కూర్చుండిపోతోంది. ఎయిర్ బ్యాగులు వేయించమంటావా, కమాన్ కట్టలు మార్పించమంటావా?" ఎయిర్ బ్యాగులంటే యాక్సిడెంట్‌లో తెరుచుకునేవి కావు, వెనక యాక్సిల్ మీద పెట్టే గాలి స్ప్రింగులు. కమాన్ కట్టలంటే ఇనుప పట్టీల లీఫ్ స్ప్రింగులు. అడిగేవాళ్లలో టొయోటా టకోమా పికప్ ఉన్నవాళ్లే ఎక్కువ, తర్వాత ఫోర్డ్ ఎఫ్-150 వాళ్లు. ఈమధ్యే నా టకోమాకి (మూడో తరం, డబుల్ క్యాబ్) నేనూ ఈ పని చేయించాను కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నాను.

చాలామంది "ఇది ఎన్ని పౌండ్లు మోస్తుంది?" అని మొదలుపెడతారు. ఎయిర్ బ్యాగుల డబ్బా మీద 5,000 పౌండ్లు అని కనిపించగానే మనసు అటు లాగుతుంది. అది బ్యాగుల సామర్థ్యం, బండిది కాదు. నన్నడిగితే అసలు తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఆ బరువు ఏడాదిలో ఎన్ని రోజులు బండి మీద ఉంటుంది? సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకి, కాస్ట్‌కోకి ఖాళీగా తిరిగే బండికి ఒకటి నప్పుతుంది. పైన షెల్ (బెడ్, అంటే వెనక సామాను తొట్టి మీది కప్పు), లోపల డ్రాయర్లు, ఫ్రిజ్ ఎప్పుడూ బిగించి ఉండే బండికి ఇంకొకటి నప్పుతుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

అంతకంటే ముందు ఒక లెక్క. డ్రైవర్ తలుపు తీస్తే డోర్ ఫ్రేమ్ మీద పసుపు, తెలుపు స్టిక్కర్ ఉంటుంది. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. టకోమా డబుల్ క్యాబ్ ఫోర్ బై ఫోర్‌లలో చాలావాటికి అది 1,000 నుంచి 1,200 పౌండ్ల మధ్య ఉంటుంది. అందులో మనమూ లెక్కే. ఇప్పుడు ఇక్కడి బిగ్ బెండ్ నేషనల్ పార్కుకి మూడు రోజుల ప్రయాణం అనుకోండి. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు 450. ఫైబర్‌గ్లాస్ షెల్ 180. రూఫ్‌టాప్ టెంట్ 150. తిండితో సహా ఫ్రిజ్ 70. అక్కడి పార్కువాళ్లు మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు ఉంచుకోమంటారు. ఆ లెక్కన 12 గ్యాలన్లు, అంటే నీళ్లే 100 పౌండ్లు. నిండు ప్రొపేన్ సిలిండర్ (20 పౌండ్లది) 37. వంట పెట్టె 60. కుర్చీలు, బల్ల, పరుపులు 80. మొత్తం 1,127 పౌండ్లు. ఇంకా కూలర్ ఎక్కలేదు, కట్టెలు ఎక్కలేదు.

ఏ స్ప్రింగు వేసినా ఆ స్టిక్కర్ మీది అంకె పెరగదు. యాక్సిల్, బ్రేకులు, టైర్లు, ఛాసిస్ పాతవే కదా. బ్యాగులు తయారుచేసే కంపెనీలు కూడా బండి రేటింగ్ దాటవద్దనే రాస్తాయి. వెనక లేచి నిలబడింది కాబట్టి బరువు సరిపోయిందనుకోవడం ప్రమాదం. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే బండి విషయంలో నేను దీనికి ఒప్పుకోను. హైవే మీద ట్రక్ స్టాపుల్లో క్యాట్ స్కేల్ కాటా ఉంటుంది. నిండు లోడుతో ఒకసారి ఎక్కించండి. ముందు యాక్సిల్ మీద ఎంత, వెనక యాక్సిల్ మీద ఎంత అన్నది విడివిడిగా కాగితం మీద వస్తుంది. లెక్క దాటితే కొనాల్సింది స్ప్రింగులు కాదు, దించాల్సింది సామాను.

కాటా దాకా వెళ్లేలోపు ఇంట్లోనే ఒక పరీక్ష చేయొచ్చు. ఖాళీ బండికి వెనక చక్రం నడిమధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపు పెట్టి కొలిచి రాసుకోండి, రెండు వైపులా. లోడు ఎక్కించాక మళ్లీ కొలవండి. తర్వాత కింద పడుకుని యాక్సిల్ పైన వేలాడే బంప్ స్టాప్ రబ్బరు చూడండి. దాని మొన మీద దుమ్ము చెదిరి, నల్లగా నిగనిగలాడే మచ్చ ఉంటే కమాన్లు పూర్తిగా వంగి యాక్సిల్ అక్కడ కొట్టుకుంటోందని అర్థం. మచ్చ లేకుండా ఒకటి రెండు అంగుళాలే దిగుతుంటే కంగారు పడి ఏదీ కొనక్కర్లేదు. బరువైనవి క్యాబ్ వైపు, యాక్సిల్‌కి ముందుకి జరిపి చూడండి. నీళ్ల క్యాన్లు టెయిల్‌గేట్ దగ్గర పెడితే అవి వెనక చక్రాల మీద పడటంతో ఆగవు, ముందు చక్రాల మీది బరువును కూడా ఎత్తేస్తాయి. స్టీరింగ్ తేలిపోయినట్టు ఉండటానికి, ఎదురొచ్చేవాళ్లు హైబీమ్ కొట్టి తిట్టడానికి కారణం అదే.

ఇప్పుడు ఎయిర్ బ్యాగుల సంగతి. ఫైర్‌స్టోన్ రైడ్-రైట్, ఎయిర్ లిఫ్ట్ లోడ్‌లిఫ్టర్ 5000, ఈ రెండు పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి. ఉన్న కమాన్ కట్ట అలాగే ఉంటుంది. ఛాసిస్‌కీ యాక్సిల్‌కీ మధ్య రబ్బరు బ్యాగు కూర్చుంటుంది. 5 నుంచి 100 పీఎస్ఐ దాకా గాలి నింపుకోవచ్చు. ఖాళీ రోజుల్లో 5కి దించేస్తే బండి దాదాపు పాత బండే. లోడు రోజున గాలి కొట్టి టేపు కొలతని మళ్లీ మొదటి అంకెకి తెచ్చుకోవచ్చు. కుడివైపు ఫ్రిజ్ వల్ల ఆ పక్క ఒరిగితే ఆ పక్కే కాస్త ఎక్కువ కొట్టొచ్చు. కిట్ నాలుగైదు వందల డాలర్ల లోపు దొరుకుతుంది, చేయి తిరిగినవాళ్లు ఇంటి డ్రైవ్‌వేలోనే బిగించుకుంటారు. వీకెండ్ క్యాంపింగ్ కుటుంబానికి ఇంతకంటే సౌకర్యం మరొకటి లేదు, అది నిజం.

అయితే రెండు జాగ్రత్తలు. మొదటిది, రెండు బ్యాగులకీ విడివిడిగా గాలి గొట్టాలు, విడివిడి వాల్వులు పెట్టించండి. 'T' ఆకారపు ముక్క వేసి ఒకే వాల్వుకి కలిపితే మలుపులో బయటి బ్యాగులోని గాలి లోపలి బ్యాగులోకి పారిపోతుంది, బండి ఇంకా ఒరుగుతుంది. రెండోది, గొట్టాల అతుకుల దగ్గర ఆరు నెలలకోసారి సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. చలికి రాత్రిళ్లు ప్రెషర్ తగ్గడం మామూలే, పొద్దున్నే చూసి నింపుకుంటే చాలు.

నాకు ఎయిర్ బ్యాగులతో ఉన్న అసలు పేచీ ఇంకోచోట. కమాన్ కట్ట తన బరువును ఛాసిస్ మీద రెండు చోట్ల పెడుతుంది, ముందు హ్యాంగర్ దగ్గర ఒకటి, వెనక షాకిల్ దగ్గర ఒకటి. కంపెనీ ఛాసిస్‌ని గట్టిచేసింది ఆ రెండు చోట్లే. బ్యాగు ఆ రెండింటి మధ్య, యాక్సిల్‌కి సరిగ్గా పైన, కొత్తగా మూడో చోట పొడుస్తుంది. మంచి రోడ్డు మీద, రేటింగ్ లోపల ఇది పెద్ద సమస్య కాదు. కానీ బిగ్ బెండ్‌లో ఓల్డ్ ఓర్ రోడ్డు లాంటి దారిలో, బరువంతా యాక్సిల్‌కి వెనక వేలాడుతుంటే, గుంత గుంతకీ దెబ్బ ఆ ఒక్కచోటే పడుతుంది. ఆస్ట్రేలియాలో డబుల్ క్యాబ్ యూట్ల (అక్కడ పికప్పుల్ని అలా అంటారు) ఛాసిస్‌లు వంగిన కథల్లో ఓవర్‌లోడ్ పక్కనే ఎయిర్ బ్యాగుల పేరు కూడా తరచూ వినిపిస్తుంది. పైగా రాళ్ల దారిలో ఒక చక్రం బాగా కిందికి దిగినప్పుడు బ్యాగు తన హద్దు దాకా సాగి ఆ చక్రాన్ని అక్కడే ఆపేస్తుంది, లేదా తానే చిరుగుతుంది. దీనికోసం యాక్సిల్ నుంచి విడిపోయే క్రెడిల్స్ (బ్యాగు కూర్చునే గిన్నెలు) అమ్ముతారు. రాళ్ల దారులకి వెళ్లేవాళ్లు బ్యాగులే కావాలంటే అవి తప్పనిసరి.

కొత్త కమాన్ కట్టలైతే ఆ పేచీ లేదు. పాత కట్ట మొత్తం తీసేసి, మన బరువుకి తగ్గ కట్ట ఎక్కిస్తారు. ఓల్డ్ మ్యాన్ ఎము లాంటి బ్రాండ్లు ఎప్పుడూ ఉండే బరువును బట్టి తేలిక, మధ్యరకం, భారీ అని వేర్వేరు కట్టలు అమ్ముతాయి. బరువు ఛాసిస్ మీద పడాల్సినచోటే పడుతుంది. గాలి లేదు, గొట్టం లేదు, ఎడారి మధ్యలో లీకవుతుందన్న టెన్షన్ లేదు. పట్టీలు సన్నగా, ఎక్కువగా ఉన్న కట్ట గతుకుల్లో మెత్తగా పోతుంది. ఖర్చు మాత్రం ఎక్కువ. రెండు కట్టలు, వాటిని యాక్సిల్‌కి బిగించే కొత్త యూ బోల్టులు, షాక్ అబ్జార్బర్లు, కూలీ కలిపితే వెయ్యి డాలర్లు సులువుగా దాటుతుంది.

ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: "ఎందుకైనా మంచిది" అని భారీ కట్ట ఎక్కించడం. ఆ కట్ట నాలుగైదు వందల పౌండ్లు ఎప్పుడూ మీద ఉంటేనే వంగుతుంది. ఖాళీగా వెళ్తే స్పీడ్ బ్రేకర్ మీద వెనక సీట్లోని పిల్లలు ఎగిరిపడతారు. అలల్లాంటి గతుకుల మట్టి రోడ్డు మీద, వాన పడిన మలుపులో వెనక చక్రాలు నేలని వదిలేసి ఎగురుతాయి, పట్టు పోతుంది. కాబట్టి ట్రిప్పు రోజు మొత్తం బరువు చూసి కొనకండి, మామూలు మంగళవారం బండి మీద ఎంత ఉంటుందో దాన్నిబట్టి కొనండి. షెల్, డ్రాయర్లు, ఫ్రిజ్ కలిపి 300 పౌండ్లు ఎప్పుడూ ఉంటే మధ్యరకం కట్ట, అంతే. ట్రిప్పు రోజు అదనపు బరువుకి ఆ కట్ట రెండు అంగుళాలు దిగినా నష్టం లేదు, దిగాలి కూడా.

ఉన్న కట్టలో ఒక్క పట్టీ అదనంగా వేయించడం కొందరు అడుగుతారు. చవక. పొడుగు పట్టీ అయితే పర్వాలేదు. పొట్టి, మందపాటి పట్టీ వద్దు. బరువంతా మధ్యలోనే పడి పాత పట్టీలు అలసిపోతాయి, ఖాళీ బండి గడ్డకట్టినట్టు ఉంటుంది. పాత కమాన్లు ఇప్పటికే చదునైపోయి ఉంటే ఏ పట్టీ వేసినా డబ్బు దండగ.

టింబ్రెన్ రబ్బరు స్ప్రింగులు బంప్ స్టాప్ చోట కూర్చుంటాయి, లోడు పడితేనే తగులుతాయి, చూసుకోవాల్సిందేమీ లేదు. ఏడాదికి రెండు మూడుసార్లు, అదీ హైవే మీదే వెళ్లేవాళ్లకి ఇవి చాలు. సుమోస్ప్రింగ్స్ కూడా ఆ కోవలోవే, రబ్బరు బదులు నురుగు.

రామ్ 1500, కొత్త తరం టకోమాలలో చాలావాటికి వెనక కాయిల్ స్ప్రింగులు కాబట్టి పై కమాన్ల గొడవ వాళ్లకి వర్తించదు. కాయిల్ లోపల దూర్చే చిన్న బ్యాగు (ఎయిర్ లిఫ్ట్ 1000 లాంటిది, 35 పీఎస్ఐ దాకా) లేదా గట్టి కాయిల్, ముఖ్యంగా ఆ రెండు దారులు. హైదరాబాద్‌లో ఇసుజు వి-క్రాస్, టొయోటా హైలక్స్ పికప్పులు ఉన్నవాళ్లకి మాత్రం వెనక కమాన్లే, ఇక్కడ చెప్పినదంతా వాళ్లకీ సరిపోతుంది.

నేను మధ్యరకం కట్టలే వేయించాను. నా బండికి షెల్, డ్రాయర్లు ఏడాది పొడవునా ఉంటాయి, వెళ్లేదీ ఎక్కువగా మట్టి దారులకే. షెల్ లేకుండా ఖాళీ బెడ్‌తో తిరిగే తమ్ముళ్లకి మాత్రం విడి గొట్టాల ఎయిర్ బ్యాగులే వేయించుకోమని చెబుతున్నాను. వాళ్లు నన్ను చూసి కమాన్లు మార్పిస్తే ఆఫీసుకి వెళ్లే ప్రతి రోజూ నడుము నొప్పే.

కట్టలు మార్చినా మార్చకపోయినా షాక్ అబ్జార్బర్లను మరిచిపోకండి. స్ప్రింగు బరువును మోస్తుంది, ఊగడాన్ని ఆపేది షాకు. గట్టి స్ప్రింగుకి పాత షాకు ఉంటే ఒక్క గుంతకి బండి మూడుసార్లు ఊగుతుంది. టైర్ల మీద 'పి' అక్షరంతో మొదలయ్యే సైజు ఉంటే, ట్రక్కు మీద వాటి లోడు రేటింగ్‌ని 1.1తో భాగించి చూసుకోవాలి. లోడు మోయడానికైతే ఎల్‌టీ (లైట్ ట్రక్) టైర్లు మేలు.

వర్క్‌షాప్‌లో పాత యూ బోల్టులే మళ్లీ బిగిస్తామంటే ఒప్పుకోకండి, ఒకసారి సాగిన బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. కొత్తవి వేశాక 500 మైళ్లకి ఒకసారి టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. వెనక లేచింది కాబట్టి హెడ్‌లైట్లు కూడా సరిచేయించండి. గంటకి 50, 60 మైళ్ల దగ్గర కింద నుంచి గుడగుడమని అదురు వస్తుంటే డ్రైవ్ షాఫ్ట్ కోణం మారినట్టు. కట్ట కింద పెట్టే చిన్న వాలు ముక్కతోనో (షిమ్), సెంటర్ బేరింగ్‌ని కాస్త దించడంతోనో అది పోతుంది. డబ్బు కట్టి బండి తీసుకునే ముందే మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ వేగంలో ఒక చుట్టు తిరిగి రండి.