పాత గ్రామఫోను పత్రికల్లో పేరు కొట్టి వెతకడమా, సంచిక చదవడమా: ఏది మేలు?

తొలినాటి గ్రామఫోను వ్యాపార పత్రికలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా దొరుకుతున్నప్పుడు కావలసిన పేరు కొట్టి వెతికితే చాలదా, సంచికలను వరుసగా చదవాలా అని హనుమకొండ, వరంగల్‌లలో పాత రికార్డులు సేకరించే మిత్రులూ, సంగీత చరిత్రపై పనిచేసే విద్యార్థులూ తరచుగా అడుగుతున్నారు.

వెతకడంలో లాభం లేకపోలేదు. 1905 జనవరిలో న్యూయార్క్ నుంచి మొదలై 1920ల చివరి దాకా నెలనెలా వెలువడిన ‘టాకింగ్ మెషీన్ వరల్డ్’ను ఆసాంతం చదవడానికి ఎవరికీ తీరిక ఉండదు. అయితే స్కాన్ చేసిన పేజీల్లో కంప్యూటర్ చదవగలిగిందే మనకు దొరుకుతుంది. ఇరుకు వరుసల్లోని సన్నని అచ్చును అది తప్పుగా చదువుతుంది. ప్రకటనల్లోని అలంకారపు అక్షరాలను చాలాసార్లు వదిలేస్తుంది. ‘ఇండియన్’ అని కొడితే అమెరికా ఆదివాసులపై కట్టిన పాటలే గుట్టగా వచ్చిపడతాయి. మన ప్రాంతం కోసమైతే వరంగల్ పేరు కాకుండా నిజాం, దక్కన్, సికింద్రాబాద్ అని వెతకడమే నయం.

నా దృష్టిలో అసలు తేడా ప్రకటనల దగ్గర ఉంది. ఈ పత్రికలు పాట వినేవారి కోసం కాక దుకాణదారుల కోసం, చాలావరకు కంపెనీల ప్రకటనల డబ్బుతో నడిచాయి. ఒక కంపెనీ యంత్రాన్ని ఆకాశానికెత్తే ‘వార్త’ పక్కనో, నాలుగు పేజీల అవతలో అదే కంపెనీ నిండు పేజీ ప్రకటన కనిపిస్తే, ఆ వార్తను ఎంతవరకు నమ్మాలో చదువరికి వెంటనే తెలుస్తుంది. వెతుకులాటలో ఆ వార్త ఒక్కటే ఊడివచ్చి చరిత్రలాగా నిలబడుతుంది. రానున్న రికార్డుల జాబితాల సంగతీ ఇంతే. ఆనాటి రికార్డు చీటీపై సాధారణంగా తేదీ ఉండదు కనుక, విక్టర్, కొలంబియా, ఎడిసన్ కంపెనీల కొత్త రికార్డులను ఒకే నెల సంచికలో పక్కపక్కన చూడడం కాలనిర్ణయానికి గట్టి ఆధారం. కొన్ని గ్రంథాలయాలు బైండు చేయించేటప్పుడు అట్టలూ ప్రకటనల పేజీలూ తీసేశాయి కాబట్టి పేజీ సంఖ్యల వరుస తెగిందేమో కూడా చూసుకోవాలి.

‘ఎడిసన్ ఫోనోగ్రాఫ్ మంత్లీ’ కంపెనీ సొంత పత్రిక. ఎడిసన్ సరుకు గురించి తప్ప దానికి పోనక్కరలేదు.

తెలుగు రికార్డులకు మాత్రం ఈ అమెరికా పత్రికలకన్నా బ్రిటన్‌కు చెందిన గ్రామఫోన్ కంపెనీ కేటలాగులే మేలు. ఆ కంపెనీ రికార్డింగ్ నిపుణుడు ఫ్రెడ్ గైస్‌బర్గ్ 1902 నవంబరులో కలకత్తాలో రికార్డు చేసిన పాటలు జర్మనీలోని హానోవర్‌లో రికార్డులుగా అచ్చయి వచ్చాయి. 1908లో కలకత్తాలోని సియాల్దాలో కర్మాగారం వచ్చాకే ఆ పని ఇక్కడ మొదలైంది. కనుక చీటీపై హానోవర్ పేరుంటే, ముందు ఆ తొలి ఏళ్ల కేటలాగులు తిరగేయాలి.

నా మటుకు నేను వెతుకులాటతో నెలను మాత్రమే పట్టుకుని, దానికి ముందూ వెనకా ఉన్న రెండేసి సంచికలను అట్ట నుంచి అట్ట దాకా చదువుతాను. రాసుకునేటప్పుడు అచ్చు పేజీ సంఖ్యనూ, తెరపై కనిపించే సంఖ్యనూ వేర్వేరుగా నమోదు చేసుకోవాలి. అవి రెండూ చాలా సంపుటాల్లో కలవవు.