వరదకు కవర్ ఉంది, ఇంజిన్‌కు లేదట: ఆరేళ్ల కారు పాలసీ అనుభవం

2018 నవంబరులో కారు కొన్నప్పటి నుంచి ఒకే కంపెనీలో ఇన్సూరెన్స్ కట్టాను. 2021లో ఓ ఆటో వెనక నుంచి గుద్దితే బంపర్, డిక్కీ డోర్ నాలుగు రోజుల్లో క్యాష్‌లెస్‌గా మార్చిచ్చారు. ఆ సంబరంలో మా ఆఫీసులో ముగ్గురి చేత అదే పాలసీ తీయించాను. బంపర్ ఇప్పించడం వేరు, బండి మొత్తం మునిగినప్పుడు నిలబడటం వేరని అప్పటికి నాకు తెలియదు.

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరుకు గండ్లు పడి నీళ్లు వచ్చేశాయి. బండిని ఫ్లైఓవర్ మీద పెడదామని మా బావమరిది మోకాలి లోతు నీళ్లలో దిగి ఒక్కసారి స్టార్ట్ నొక్కాడు. టక్కుమంది, అంతే. కాసేపటికి స్టీరింగ్ కూడా కనిపించలేదు. మేం పైఅంతస్తులో పాల ప్యాకెట్ల కోసం ఎదురుచూస్తుంటే కింద కారు ఎనిమిది రోజులు బురదనీళ్లలో నానింది.

టోయింగ్, నష్టం లెక్కగట్టే సర్వేయర్ రావడం, అంతా బాగానే జరిగింది. సర్వేయర్ మర్యాదస్తుడే. "స్టార్ట్ చేశారా సార్?" అని మామూలుగా అడిగాడు. "ఒక్కసారి నొక్కి చూశామండి" అన్నాను. ఆ ఒక్క మాట రాసుకున్నాడు.

పన్నెండు రోజులకు మెయిల్ వచ్చింది. ఇంజిన్‌కు జరిగిన నష్టం వరద వల్ల కాదట, నీళ్లలో స్టార్ట్ చేయడం వల్ల హైడ్రోస్టాటిక్ లాక్ అయిందట. అది పర్యవసాన నష్టం, అంటే నేరుగా వరద వల్ల కాక ఆ తర్వాత మనం చేసిన పని వల్ల వచ్చిన నష్టం కాబట్టి పాలసీలోకి రాదట. అదే పాలసీలో మొదటి పేజీలోనే వరద, తుఫాను, ముంపు అని వరసగా రాసి ఉన్నాయి!

నాకు ఒళ్లు మండింది ఇక్కడే. సిలిండర్‌లో నీళ్లుండగా ఇంజిన్ తిరిగితే ఆ నీళ్లు గాలిలా నొక్కుకుపోవు, కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. లాక్ అంటే అదీ. ఇంజిన్ విప్పినప్పుడు నేను పక్కనే ఉన్నాను. నాలుగు రాడ్లూ తిన్నగా ఉన్నాయి. లోపల ఉన్నది తుప్పు, ఒండ్రు. "ఇది నానిపోయిన ఇంజినండీ, లాకైంది కాదు" అని మెకానిక్ నా ముందే అన్నాడు. కాగితం మీద రాసివ్వమంటే మాత్రం తల గోక్కున్నాడు. నేనే ఫోన్లో ఫొటోలు తీసుకున్నాను.

దెబ్బ ఇంజిన్‌తో ఆగలేదు. నా ఐడీవీ, అంటే పాలసీలో బండికి కట్టిన విలువ, 4,10,000. రిపేరు ఖర్చు అందులో 75 శాతం, అంటే 3,07,500 దాటితే టోటల్ లాస్ కింద, బండి మొత్తం పోయినట్టుగా తీసుకోవాలి. వర్క్‌షాప్ ఎస్టిమేట్ 3,24,000. అందులోంచి ఇంజిన్ 1,38,000 తీసేస్తే మిగిలింది 1,86,000. ఇక టోటల్ లాస్ ఊసే లేదు. అడిగితే 'పాలసీ షరతులకు లోబడి' అన్న ముక్క చూపించారు. ఆ మిగిలినదాంట్లో కూడా అయిదేళ్లు దాటిన బండని ఇనుప భాగాల మీద 40 శాతం, ప్లాస్టిక్, రబ్బరు మీద 50 శాతం తరుగుదల కోసి 1,12,400 వేశారు.

ఒక సంగతి దాచకూడదు. ఇంజిన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ ఒకటి ఉంటుంది, కాస్త అదనంగా కడితే నీళ్లు చేరి ఇంజిన్ పాడైనా కవర్ ఇచ్చేది. 2022లో రెన్యువల్ చేస్తూ దాన్ని నేనే తీసేశాను, తొమ్మిది వందల చిల్లర మిగులుతుందని. తీసేసే ముందు కాల్ సెంటర్ అమ్మాయిని అడిగాను. "వరదలకు బేసిక్ పాలసీలోనే కవర్ ఉంటుందండీ" అంది. అబద్ధం చెప్పిందనలేను. సగం చెప్పింది.

కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ సెల్‌కు రాశాను, అదే మెయిల్ మళ్లీ పంపారు. తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే అధికారి, హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టాను. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. కాకపోతే ముందు కంపెనీకి ఫిర్యాదు చేసి ఉండాలి, వాళ్లు కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి. ఆ రాడ్ల ఫొటోలు చూశాక కంపెనీ మనిషి గొంతు కాస్త తగ్గింది. చివరికి ఇంజిన్ విప్పి శుభ్రం చేసిన ఖర్చు కింద 18,500 ఇస్తామన్నారు. ఇంకా పోరాడొచ్చేమో. ఇంట్లో ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు అన్నీ కొనుక్కోవాల్సిన రోజులు. ఒప్పుకుని సంతకం పెట్టాను.

ఈ కంపెనీ వద్దని అందరికీ చెప్పలేను. గీతలు, సొట్టలు, బంపర్ల వరకే అయితే ఇప్పటికీ వీళ్లు చురుకే. మెరక మీద ఇల్లుండి, బండి కొత్తదైతే మీకు నా గొడవ రాకపోవచ్చు. నాలాగా పల్లంలో ఉండి, కింద పార్కింగ్ చేసేవాళ్లయితే ఇంజిన్ ప్రొటెక్ట్ లేకుండా వీళ్ల దగ్గరే కాదు, ఎక్కడా తీసుకోకండి. నేను కారు అమ్మేసి సెకండ్ హ్యాండ్‌ది ఇంకోటి తీసుకున్నాను, ఇన్సూరెన్స్ వేరే కంపెనీలో. ఆ యాడ్ ఆన్ టిక్ చేసిన స్క్రీన్‌షాట్ ఫోన్లో ఉంది. వాన మొదలైతే కారు తాళాలు మా ఆవిడ తీసి బీరువాలో పెడుతోంది, వాళ్ల తమ్ముడికి అందకుండా.