ఫ్రెంచి ఫిరంగి గుండ్లు చూడాలంటే పారిస్ కన్నా గ్రావ్‌లోట్ నయం

పారిస్ ఇన్వాలిడ్‌లోని సైనిక మ్యూజియం బ్రహ్మాండమే, కాదనను, కానీ కవచాలు, కత్తులు, నెపోలియన్ సమాధి చూసేసరికే ఓపిక అయిపోతుంది. 19వ శతాబ్దపు గుండ్ల మీద ఆసక్తి ఉంటే నా ఓటు ఈశాన్య ఫ్రాన్స్‌లో మెట్జ్ నగరం దగ్గరున్న గ్రావ్‌లోట్ అనే పల్లెకే. 1870 ఆగస్టులో ఫ్రాన్స్, ప్రష్యా (అప్పటి జర్మన్ రాజ్యం) సైన్యాలు తలపడిన చోటు, మ్యూజియం కూడా ఆ యుద్ధం మీదే. జనం తక్కువ, అద్దాల ముందు ఎంతసేపు నిలబడినా ఎవరూ తోయరు.

గుండు కనబడగానే ముందు ఒంటి మీద బుడిపెలున్నాయేమో చూడండి. కోలగా ఉన్న ఇనుప గుండుకి రెండు వరసల్లో ఆరేసి జింకు బుడిపెలుంటే అది లా హిట్ పద్ధతి (లోపల గాడులున్న ఫిరంగుల పద్ధతి) ఫ్రెంచి గుండు. మూతివైపు నుంచి దించేటప్పుడు అవి గొట్టంలోని ఆరు గాడుల్లో కూర్చుంటాయి, పేల్చినప్పుడు వాటివల్లే గుండు గిర్రున తిరుగుతూ పోతుంది. 4 నంబరు ఫిరంగి లోపలి వ్యాసం 86.5 మి.మీ., 12 నంబరుది 121. ఆ 4 అనేది గుండు బరువు, సుమారుగా కిలోల్లో. తుప్పు పట్టినవాటికి జింకు ఊడిపోయి గుండ్రటి గుంటలే మిగులుతాయి, అవీ ఆనవాళ్లే. బుడిపెలు లేకుండా సీసం తొడుగుంటే చాలావరకు ప్రష్యావాళ్లదే, అయితే ఫ్రెంచివాళ్ల రెఫీ అనే, వెనకవైపు నుంచి గుండు పెట్టే ఫిరంగికీ సీసమే వాడారు కాబట్టి అక్కడ తొందరపడొద్దు. అడుగువైపు రాగి కట్టు ఉంటే యుద్ధం తర్వాతిది, 1877 నాటి ద బాంజ్ 90 మి.మీ. ఫిరంగి లాంటివాటిది.

బస మెట్జ్‌లో, రైల్వే స్టేషన్ దగ్గర. గది ఇరుకు, కానీ శుభ్రం. పారిస్ నుంచి టీజీవీ అనే హైస్పీడ్ రైల్లో గంటన్నర లోపే. గ్రావ్‌లోట్‌కి కారే సుఖం, కాకపోతే అద్దెకిచ్చినవాళ్లు పాత గీతకి మా దగ్గర డబ్బు లాగారు, తీసుకునేటప్పుడే ఫోటోలు తీసుకోండి. శాకాహారులకి కొంచెం టెన్షనే, ఇక్కడి కీష్‌లో (గుడ్లు, క్రీమ్‌తో చేసే ఉప్పటి టార్ట్) పంది మాంసం వేస్తారు. మిరాబెల్ అనే చిన్న పసుపు ప్లమ్ పళ్ల టార్ట్ మాత్రం వదలొద్దు.

ఇంకా ఉత్తరాన, బెల్జియం సరిహద్దు దగ్గరున్న సెడాన్ కోటలోపలే హోటల్ ఉంది. అదే యుద్ధంలో ఫ్రెంచి చక్రవర్తి మూడో నెపోలియన్ పట్టుబడిన ఊళ్లో, కోటగోడల మధ్య పడుకోవడం సరదాగానే ఉంటుంది, గుండ్ల కోసమే అయితే అంతదూరం అక్కర్లేదు.

పాత సామాన్ల సంతల్లో గుండ్లు అమ్ముతుంటారు, కొనకండి. లోపల మందు ఇంకా ఉండొచ్చు. పొలంలో కనబడితే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పాలి. అనుమతి లేకుండా మెటల్ డిటెక్టర్‌తో వెతకడం అక్కడ నేరం. ఖాళీ గుండైనా విమానంలో తేవడం జరిగే పని కాదు, సెక్యూరిటీ దగ్గరే ఆగిపోతారు.