బోరో కొనాలా, కసూరీ కొనాలా?

జపాన్ పాత బట్టలు సేకరించాలనుకునేవాళ్లకు మొదట వచ్చే ప్రశ్న ఇదే. రెండూ ఎక్కువగా నీలిమందు రంగువే, రెండూ పల్లె ఇళ్లలో వాడినవే.

బోరో అంటే మన బొంత లాంటిదే. జపాన్ ఉత్తరాన ఉన్న అవొమొరి ప్రాంతపు చలికి పత్తి పండేది కాదు. ఓడల్లో వచ్చిన పాత నూలు గుడ్డముక్కల్ని నారబట్ట మీద అతుకు మీద అతుకుగా వేసి, తరాల తరబడి కప్పుకున్నారు. ఒక అతుకు అంచు మెల్లగా ఎత్తి చూడండి. వెలుగు తగలని చోట నీలం ఇంకా చిక్కగా ఉంటుంది. కుట్లు ఒకచోట దగ్గరగా, ఇంకోచోట దూరంగా, దారం కూడా వేరు. ఎందరో ఆడవాళ్ల చేతులు అక్కడ కనిపిస్తాయి. అలా కాకుండా అంతా ఒకేలా చిరిగి, ఒకేలా వెలిసి ఉంటే అనుమానించండి. కావాలని పాతవాటిలా తయారుచేసి అమ్మేవీ ఉన్నాయి.

కసూరీ అనే నేతబట్టతో ఆ టెన్షన్ తక్కువ. పోచంపల్లి ఇక్కత్ లాగే నేతకు ముందే నూలుకు కట్లు కట్టి రంగులో ముంచుతారు, అందుకే బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టుంటాయి. జపాన్ దక్షిణాన ఉన్న కురుమే ఊరి కసూరీకి ఆద్యురాలు ఇనోఉఎ దెన్ (1788–1869) అనే నేతగత్తె. పెళ్లి పరుపు గలేబుల మీద దీర్ఘాయుష్షుకు గుర్తుగా కొంగలు, తాబేళ్లు నేసేవారు. బట్ట వెడల్పు సుమారు 35 సెంటీమీటర్లే కాబట్టి పట్టీలు కలిపి కుట్టేవారు.

నన్నడిగితే ముందు ఒక కసూరీ గలేబు కొనండి, రోజూ చేత్తో తాకి చూడండి. కన్ను అలవాటుపడ్డాక బోరో జోలికి వెళ్లండి. నాకు మాత్రం మనసంతా బోరో మీదే.