39/స్మూత్: గ్రీన్ డే తొలి ఆల్బమ్, దాన్ని ఊరూరా తిప్పిన వ్యాన్

అమెరికన్ పాప్ పంక్ బ్యాండ్ గ్రీన్ డే తొలి ఆల్బమ్ వినాలనుకునేవాళ్లు ముందు పాటల వరుస మార్చుకోవాలి. ఇప్పుడు స్ట్రీమింగ్ యాప్‌లలో, సీడీ షాపుల్లో మామూలుగా దొరికేది 1990లో వచ్చిన '39/స్మూత్' ఒక్కటే కాదు. దానికి ముందొకటి, వెనకొకటి వచ్చిన రెండు చిన్న రికార్డులను కూడా కలిపి లుకౌట్ రికార్డ్స్ అనే రికార్డు కంపెనీ వాళ్లు 1991లో వేసిన సంకలనం అది. '1,000 అవర్స్', '39/స్మూత్', 'స్లాపీ' అనే మూడు పేర్లనూ కూడేసి దానికి '1,039/స్మూత్డ్ అవుట్ స్లాపీ అవర్స్' అని పేరు పెట్టారు. మొత్తం 19 పాటలు. 1 నుంచి 10 వరకు అసలు ఆల్బమ్. 11 నుంచి 14 వరకు 'స్లాపీ', అంటే ఆల్బమ్ తర్వాత కొద్ది నెలలకు రికార్డు చేసినవి. 15 నుంచి 18 వరకు 1989లో వచ్చిన '1,000 అవర్స్', అంటే అన్నిటికన్నా పాతవి. 19వది వేరే సంకలనం కోసం ఇచ్చిన విడి పాట.

ఉన్నది ఉన్నట్టు మొదటి నుంచి పెట్టుకుంటే, బ్యాండ్ చివరికొచ్చేసరికి ఎందుకు నీరసపడిందా అనిపిస్తుంది. అది నీరసం కాదు, కాలం వెనక్కి నడుస్తోందంతే. 15–18, తర్వాత 1–10, ఆ తర్వాత 11–14 అని ప్లేలిస్ట్ పెట్టుకుని వినండి. ముగ్గురు కుర్రాళ్లు ఏడాదిన్నరలో ఎంత ఎదిగారో చెవికి తెలిసిపోతుంది.

పాప్ పంక్‌తో పరిచయం లేనివాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలంటే, పంక్ వేగం, పంక్ గిటార్ రొద, వాటి మీద ఒక్కసారి వింటే నోట్లో ఆడే ట్యూన్. అమెరికాలో దానికి పెద్ద మార్కెట్ 1994 తర్వాత వచ్చింది. 1990లో ఈ పాటలు వినాలంటే కాలిఫోర్నియాలో బర్కిలీ ఊరి 924 గిల్మన్ స్ట్రీట్ లాంటి చోటికి వెళ్లాలి. 1986 చివరి రోజున మొదలైన ఆ క్లబ్బును వాలంటీర్లే నడిపేవాళ్లు. ఏ వయసువాళ్లయినా రావచ్చు, మందు అమ్మరు. గ్రీన్ డే పుట్టిపెరిగిన గూడు అదే. స్వీట్ చిల్డ్రన్ అన్న పాత పేరు వదిలేసి గ్రీన్ డేగా వేదికెక్కింది కూడా అక్కడే, 1989 మేలో ఆపరేషన్ ఐవీ బ్యాండ్ ఆఖరి కచేరీ రోజున.

ఆల్బమ్ రికార్డింగ్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఆర్ట్ ఆఫ్ ఇయర్స్ స్టూడియోలో, 1989 డిసెంబర్ 29 నుంచి 1990 జనవరి 2 వరకు, సౌండ్ ఇంజినీర్ ఆండీ ఎర్న్‌స్ట్ చేతుల మీదుగా జరిగింది. క్రిస్మస్ సెలవులు చూసుకుని పెట్టుకున్నారు, ఎందుకంటే పాడేవాడు బిల్లీ జో ఆర్మ్‌స్ట్రాంగ్‌కి, బేస్ వాయించే మైక్ డర్న్‌ట్‌కి అప్పటికి పదిహేడేళ్లు, ఇద్దరూ ఇంకా స్కూల్లోనే ఉన్నారు. డ్రమ్స్ మీద జాన్ కిఫ్‌మయర్. అతను వాళ్లకంటే మూడేళ్లు పెద్ద, ఐసోక్రసీ అనే బ్యాండ్‌లో అప్పటికే వాయించి వచ్చినవాడు. ఖర్చు 675 డాలర్లు. పది పాటలకు పంచితే పాటకు 67 డాలర్లు చిల్లర. ఈ ఆల్బమ్ మంచిచెడ్డలన్నీ ఆ అంకెలోనే ఉన్నాయి.

అంత తక్కువ డబ్బుతో స్టూడియోకి వెళ్లే బ్యాండ్‌కు టేకుల మీద టేకులు తీసుకునే వెసులుబాటు ఉండదు. డ్రమ్స్, బేస్, గిటార్ తప్పుల్లేకుండా గబగబా పడిపోవాలి. మిగిలిన గంటల్లో గిటార్ మీద గిటార్ వేసుకోవాలి, అసలు గొంతు, వెంట గొంతు పాడుకోవాలి, అవన్నీ మిక్స్ చేసుకోవాలి. మొదట కొరత పడేది మిక్సింగ్ టైమే. ఈ ఆల్బమ్‌లో అది స్పష్టంగా వినిపిస్తుంది. కాలితో కొట్టే కిక్ డ్రమ్‌కి కిందిస్థాయి బరువు లేదు, డ్రమ్ సెట్ తాళాల మోత గిటార్ పైస్థాయిని కప్పేస్తుంది, గొంతు మీద రివర్బ్ (ప్రతిధ్వని) కాస్త ఎక్కువైంది. చిన్న బ్లూటూత్ స్పీకర్లో పెడితే బేస్ పూర్తిగా మాయమై కందిరీగల గుంపులా వినిపిస్తుంది. హెడ్‌ఫోన్‌తో వినండి, లేదా కనీసం ఆరంగుళాల వూఫర్ ఉన్న స్పీకర్లలో వినండి. ఈక్వలైజర్ ఉంటే 3 నుంచి 5 కిలోహెర్ట్జ్ మధ్య రెండు డెసిబెళ్లు తగ్గించి, 100 హెర్ట్జ్ దగ్గర రెండు పెంచండి. అప్పుడు మైక్ బేస్ బయటికొస్తుంది. ఈ ఆల్బమ్‌లో తప్పక వినాల్సింది అదే.

ఎందుకంటే ఇది ముగ్గురి బ్యాండ్. స్టూడియోలో సోలో కింద ఇంకో గిటార్ వేసుకోవచ్చు. స్టేజీ మీద ఆ రెండో గిటార్ ఉండదు. బిల్లీ జో సోలోలోకి వెళ్లగానే పాట ఒళ్లంతా బేస్ మీద పడుతుంది. బేస్ మూల స్వరాన్నే పట్టుకుని కూర్చుంటే అక్కడ గొయ్యి పడుతుంది. మైక్ అలా కూర్చోడు. కార్డ్ (కలిపి మీటే స్వరాల గుత్తి) మారే ముందు పక్క స్వరాల మీదుగా నడిచి వస్తాడు, కొన్నిచోట్ల ట్యూన్‌కి ఎదురు ట్యూన్ కడతాడు. ఈ పాటలు వాయించాలని చూసే కొత్త బ్యాండ్‌లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. గిటార్ కార్డ్‌లు నాలుగే కదా అని సులువుగా పట్టేస్తారు, బేస్‌ను మాత్రం మొక్కుబడిగా లాగిస్తారు. దాంతో పాట పలచబడిపోతుంది. ముందు బేస్, డ్రమ్స్ రెండింటితోనే పాట మొత్తం నిలబడేదాకా సాధన చేసి, ఆ తర్వాత గిటార్ కలపాలి. ఇంకోటి, వెంట గొంతు. మైక్ పాడే రెండో స్వరం లేకపోతే ఈ పల్లవుల్లో సగం బలం పోతుంది.

ఇక పాటల మాట. మొదటి పాట 'ఎట్ ద లైబ్రరీ'లో ఒకబ్బాయి లైబ్రరీలో ఒకమ్మాయిని చూస్తాడు, మాట్లాడేలోపు ఆమె తన బాయ్‌ఫ్రెండ్‌తో వెళ్లిపోతుంది. కథ అంతే. ఆ వయసులో ఆ ఒక్క నిమిషం ఎంత పెద్దదో తెలిసినవాడే రాయగలిగిన పాట అది, ఎక్కడా పెద్దరికం నటించదు. 'డిసప్పియరింగ్ బాయ్'లో బ్యాండ్ ఆగి మళ్లీ అందుకునే చోట్లు చూడండి. ముగ్గురూ ఒకే ఊపిరి మీద ఉన్నారు. 'గోయింగ్ టు పసలాక్వా' ఈ ఆల్బమ్‌కి శిఖరం. పల్లవి మొదటిసారి వచ్చినప్పుడే ఈ కుర్రాడు పెద్ద పాటగాడవుతాడని ఎవరైనా చెప్పగలరు. తర్వాత వచ్చిన పెద్ద హిట్ల పక్కన పెట్టినా చిన్నబోదు. చివరిదైన 'ద జడ్జిస్ డాటర్' కూడా బలమైన పాట. ఆల్బమ్ తగ్గుతూ కాకుండా ఎగురుతూ ముగుస్తుంది.

తేలిపోయినవీ ఉన్నాయి. 'రెస్ట్' నెమ్మది పాట, నెమ్మదిగా వాయిస్తూ బరువు మోయడం కిఫ్‌మయర్ డ్రమ్స్‌కి అప్పటికింకా చేతకాలేదు. వేగంలో దాగిపోయే చిన్న చిన్న ఎగుడుదిగుళ్లు అక్కడ బయటపడతాయి. 'రోడ్ టు యాక్సెప్టెన్స్' ఉద్దేశం మంచిదే, మాటలు మాత్రం స్కూలు వ్యాసరచన పోటీ దాకానే వెళ్లాయి. కిఫ్‌మయర్ మాటలు రాసిన 'ఐ వాజ్ దేర్' ఫరవాలేదు. ఆల్బమ్ మొత్తం అరగంట పైన ఒకటి రెండు నిమిషాలే కాబట్టి ఏ లోటూ ఎక్కువసేపు ఉండదు.

కిఫ్‌మయర్ డ్రమ్స్ గురించి తక్కువ చేసి మాట్లాడటం అభిమానుల్లో అలవాటుగా ఉంది. ఆయన తర్వాత వచ్చిన ట్రే కూల్ గొప్ప డ్రమ్మర్, అందులో వాదన లేదు. కానీ ఈ బ్యాండ్‌ని గ్యారేజీలోంచి రోడ్డు మీదికి లాక్కొచ్చింది కిఫ్‌మయరే. కచేరీ ఎలా మాట్లాడుకోవాలో, ఏ ఊళ్లో ఎవరికి ఫోన్ చేయాలో తెలిసినవాడు ఆ ముగ్గురిలో అతనొక్కడే. ఆల్బమ్ 1990 ఏప్రిల్ 13న వచ్చింది. అంతకు రెండు నెలల ముందు, ఫిబ్రవరి 16న, తనకు పద్దెనిమిదేళ్లు నిండటానికి ఒక్కరోజు ముందు, బిల్లీ జో స్కూలు మానేశాడు. మైక్ మాత్రం చదువు పూర్తిచేశాడు. ఆ వేసవిలో వ్యాన్ ఎక్కి అమెరికా మొత్తం తిరగడానికి బయల్దేరారు.

ఆ కాలపు వ్యాన్ టూర్ ఎలా నడిచేదో తెలియకపోతే ఈ పాటలు ఎందుకిలా ఉన్నాయో సగమే అర్థమవుతుంది. ఏజెంట్ లేడు, సెల్‌ఫోన్ లేదు. ఒక ఊళ్లో కచేరీ పెట్టే కుర్రాడి నంబర్ ఇంకో బ్యాండ్ దగ్గర దొరుకుతుంది, అతను పక్క ఊరివాడి నంబర్ ఇస్తాడు. వేదిక అంటే ఎవరింటి సెల్లారో, అద్దె హాలో. టికెట్ కొద్ది డాలర్లు, వచ్చింది బ్యాండ్‌లు పంచుకోవాలి. దాంతో పెట్రోల్ ఖర్చు తేలితే చాలు. తిండికి డబ్బు టీషర్టులు, రికార్డులు అమ్ముకుంటే వస్తుంది. అందుకే బయల్దేరేముందే పెట్టెల్లో సరుకు ఉండటం ముఖ్యం. పడక ఎవరింటి నేల మీదో. ఒక్క కచేరీ రద్దయితే మర్నాటి ఊరికి చేరే పెట్రోల్ డబ్బే పోయినట్టు. అది రద్దయిందని తెలిసేది చాలాసార్లు ఆ ఇంటి తలుపు తట్టాకే.

అలాంటి సెల్లార్లలో సౌండ్ సిస్టమ్ గొంతుకు మాత్రమే సరిపోతుంది. డ్రమ్స్‌కి మైకులుండవు, గిటార్ నేరుగా యాంప్లిఫయర్‌లోంచే రావాలి. డ్రమ్మర్ గట్టిగా కొడితే గిటార్ పెంచాలి, గిటార్ పెంచితే గొంతు మునిగిపోతుంది, గొంతు మునిగితే పాడేవాడు అరుస్తాడు, మూడో రోజుకు గొంతు పట్టేస్తుంది. దీనికి మందు వాల్యూమ్ నాబ్‌లో లేదు, పాట కట్టే తీరులో ఉంది. బిల్లీ జో తన పల్లవుల్ని గిటార్ రొద కిందికి దిగనివ్వడు. ముక్కు కలిసిన పదునైన గొంతుతో, దీర్ఘాలు లాగుతూ, రొదకు పైన నిలబెడతాడు. మైక్ రెండో స్వరం తోడయ్యేసరికి నాసిరకం స్పీకర్లో కూడా ట్యూన్ తెగిపోదు. రికార్డులో కొందరికి చిరాకనిపించే ఆ ముక్కుగొంతు సెల్లార్‌లో వాళ్లను కాపాడిన ఆయుధం. ఈ ఆల్బమ్‌ని స్టూడియో వస్తువుగా చూస్తే అయిదుకు మూడు మార్కులు. రోజుకో ఊళ్లో మోగించడానికి కట్టుకెళ్లిన పాటల మూటగా చూస్తే నాలుగున్నర ఇవ్వాల్సిందే.

ఆ టూర్ వాళ్లని ఎంత మార్చిందో వినడానికి సాక్ష్యం కూడా ఉంది. దారిలో మినియాపోలిస్‌లో ఆగినప్పుడు స్కీన్ అనే చిన్న లేబుల్ కోసం 'స్వీట్ చిల్డ్రన్' పేరుతో నాలుగు పాటలు రికార్డు చేశారు. అవి ఇప్పుడు రెండో ఆల్బమ్ 'కెర్‌ప్లంక్' సీడీ చివర 13 నుంచి 16 వరకు ఉంటాయి. మూడు వాళ్ల పాత పాటలు, ఒకటి ద హూ బ్యాండ్ పాట 'మై జనరేషన్'. జనవరి నాటి రికార్డింగ్‌లో జాగ్రత్తగా అడుగులేసిన చేతులు ఇక్కడ నిర్భయంగా పడతాయి. అదే డ్రమ్మర్, అవే వేళ్లు. మధ్యలో జరిగిందల్లా రోడ్డు.

టూర్ తర్వాత కిఫ్‌మయర్ చదువుకోసం ఆర్కేటాలోని హంబోల్ట్ స్టేట్ యూనివర్సిటీకి వెళ్లిపోయాడు. ఆ చోటులోకి ట్రే కూల్ వచ్చాడు. లుకౌట్ యజమాని లారీ లివర్‌మోర్ సొంత బ్యాండ్‌లో పన్నెండో ఏటి నుంచి డ్రమ్స్ వాయించినవాడు. 1991 చివర్లో యూరప్ వెళ్లి మూడు నెలల్లో 64 కచేరీలు చేశారు, అదీ చాలావరకు అరువు సామానుతో. ఎవరి డ్రమ్ కిట్ దొరికితే అది, ఎవరి యాంప్ దొరికితే అది. మామూలు బ్యాండ్ అయితే రోజుకో రకంగా వినిపించేది. వీళ్ల పాటలు సామాను మీద ఆధారపడవు కాబట్టి తట్టుకున్నాయి.

మన దేశానికి వాళ్లు మొదటిసారి వచ్చింది 2025 మార్చిలో, ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సులో జరిగిన లొల్లాపలూజా సంగీతోత్సవానికి. అక్కడ ఆ పెద్ద స్టేజీ, ఆ వెలుగులు చూసి అభిమానులైనవాళ్లు ఈ ఆల్బమ్ పెట్టుకోగానే కొంత నిరాశపడటం సహజం. మొదటి విడతగా నాలుగు పాటలే వినండి: 'పేపర్ లాంటర్న్స్', 'గోయింగ్ టు పసలాక్వా', 'డోంట్ లీవ్ మీ', '1,000 అవర్స్'. ఈ నాలుగూ నచ్చకపోతే మిగతావి నచ్చవు, బలవంతం అక్కర్లేదు.

కొనేవాళ్లకు కొన్ని సంగతులు. రాయల్టీలు సరిగా ముట్టకపోవడంతో బ్యాండ్ 2005లో తన పాత రికార్డులను లుకౌట్ నుంచి వెనక్కి తీసుకుంది. 2007 నుంచి వాటిని రిప్రైజ్ లేబుల్ వేస్తోంది. మామూలుగా వినడానికి రిప్రైజ్ వేసిన సంకలనం సీడీ చాలు. రికార్డ్ ప్లేయర్ ఉంటే 2009 వైనిల్ ముద్రణ వెతకండి. అందులో '39/స్మూత్' ఎల్పీగా, మిగతా రెండూ విడివిడి ఏడంగుళాల రికార్డులుగా, మొదట వచ్చినట్టే ఉంటాయి. వరుస మార్చుకునే బాధ కూడా తప్పుతుంది. పాత లుకౌట్ ఎల్పీ అని ఎవరైనా ఆన్‌లైన్‌లో ఎక్కువ ధరకు పెడితే, రికార్డు మధ్యలో అంటించిన కాగితం (లేబుల్) మీద కేటలాగ్ నంబర్ 22 ఉందో లేదో చూడండి. ఆ కాగితం ఫొటోతో పాటు, పాటలు అయిపోయాక లేబుల్ దాకా ఉండే ఖాళీ వలయంలో గీసిన అక్షరాల ఫొటో కూడా అడగండి. అది పంపడానికి వెనకాడే అమ్మకందారు దగ్గర కొనకండి.