ఒక్క రాత్రిలో అయిపోయే ఆటలు: ఏది కొనొచ్చు, ఏది వదిలేయొచ్చు

గ్రాఫిక్స్ కార్డు లేని కాలేజీ లాప్‌టాప్ తప్ప వేరే గతి లేని వాళ్లకి చిన్న ఇండీ ఆటలే, అంటే పెద్ద కంపెనీల అండ లేకుండా సొంతంగా చేసుకునే ఆటలే, దిక్కు. నెల్లూరు మాగుంట లేఅవుట్ అద్దె గదిలో అయినా, ఒంగోలు హాస్టల్లో అయినా, రాత్రి అన్నం తిని కూర్చుంటే నిద్రపోయే లోపు ముగిసిపోతాయి. ఈ కింద చెప్పేవి చాలావరకు అట్టాంటివే. హారర్, ప్లాట్‌ఫార్మర్ (ఎగిరి దూకుతూ పోయేది), పజిల్ అని మూడు పేర్లు పెట్టి అమ్ముతారు గానీ నా దగ్గర మూడింటికీ తూకం ఒక్కటే: ఆట మన చేతికి ఏమిచ్చింది, ఏది ఇవ్వకుండా దాచుకుంది. దయ్యం ఎంత వికారంగా ఉందనేది ఆ తర్వాతి సంగతి.

ఈ తూకానికి అన్నిటికంటే బాగా నిలబడేది ఐరన్ లంగ్. 2022లో డేవిడ్ షిమాన్‌స్కీ చేసిన గంట సేపటి ఆట. రక్తపు సముద్రం అడుగున ఇనప డబ్బా లాంటి ఒక జలాంతర్గామి, అందులో మనం. కిటికీ మూసేశారు. బయటేముందో చూడాలంటే వెనక్కి నడిచి మీట నొక్కి ఫోటో తియ్యాలి, అదీ మసక మసగ్గా ఒక్క బొమ్మ. నడపడానికి ముందు గోడ మీద నాలుగు బటన్లు, ఎక్స్, వై అంకెలు, తిరిగిన కోణం. అంతే. చేతికి కళ్లు ఇవ్వకపోవడమే ఇందులో భయమంతా.

కొత్తవాళ్లు మొదటి పది నిమిషాల్లోనే దారి తప్పి, ఆట బాగాలేదని తేల్చేస్తారు. కాగితం, పెన్ను పెట్టుకోండి. మ్యాపులో గుర్తుపెట్టిన చోట్లకి చేరి ఫోటోలు తియ్యడమే మన పని. ముందు ఇప్పుడున్న అంకెలు రాసుకోండి. కొంచెం ముందుకు కదిపి ఏ అంకె పెరిగింది, ఏది తగ్గింది చూస్తే ఏ కోణం ఎటు దిక్కో తేలిపోతుంది. తర్వాత రెండు అంకెల్నీ ఒకేసారి కలపబోకుండా ముందు ఒకటి, తర్వాత ఇంకొకటి సరిచేసుకోండి. మ్యాపులో గీతలన్నీ గోడలే, ఐమూలగా పోతే వాటికే తగుల్తారు. గోడ దగ్గరయ్యే కొద్దీ కూత తొందరవుతుంది, అది వినిపిస్తే ఆగండి. ఫోటోకి చోటు కలిస్తే సరిపోదు, కోణం కూడా కలవాలి. జీపీఎస్ పెట్టుకుని వేటకెళ్లే కొత్తపట్నం పడవల వాళ్లకైతే ఇదంతా చెప్పక్కర్లేదు, చూసీ చూడగానే పట్టేస్తారు.

డెన్మార్క్‌లోని ప్లేడెడ్ వాళ్లవి రెండు: లింబో (2010), ఇన్‌సైడ్ (2016). ఒక్కోటి మూడు నాలుగు గంటలు. రెంటిలోనూ చేతికి ఇచ్చేది నడక, ఎగరడం, పట్టుకోవడం. లింబో పేరు పెద్దది, దాని తప్పు కూడా పెద్దదే. మొదట్లో సాలీడు ఉండే చోటు అద్భుతం. జంతువుల కాలు పట్టే ఇనప బోను ఒకటి చెట్టు మీద వేలాడుతుంటుంది. సాలీడు కాలు నేలకేసి కొట్టేదాకా దగ్గరికీ దూరానికీ తిరుగుతూ ఊరించాలి, ఆ అదురుకి బోను కింద పడుతుంది, దాన్ని తోసి కాలి కింద పెట్టాలి. చూసి, ఆలోచించి, చేసేది. అదే ఆట కొంతసేపటికి ఒకే తీరుగా కనిపించే రెండు నలగ్గొట్టే దిమ్మెల్ని పక్కపక్కన పెట్టి, మొదటిదాని లెక్క రెండోదానికి తిరగేస్తుంది. ముందే తెలిసే దారి లేదు, చచ్చి తెలుసుకోవాల్సిందే. ఇది పజిల్ కాదు, ఎకసెక్కం. రెండో సగంలో ఫ్యాక్టరీ, తిరిగే గదులు, గురుత్వాకర్షణ దిక్కు మార్చే మీటలు వచ్చేసరికి మొదటి గంట భయం కారిపోయి ఫిజిక్స్ ల్యాబు మిగుల్తుంది.

ఇన్‌సైడ్ ఆ తప్పు చెయ్యలేదు. ఉండుండి ఒత్తిడి అల వచ్చి తగిలే చోటు చూడండి: ఇనప రేకు చాటుకి అల వచ్చే లోపు చేరాలి. ఎప్పుడొస్తుందో చెవికి ముందే తెలుస్తుంది, కాబట్టి చస్తే తప్పు మనదే. నీళ్లలో జుట్టు విరబోసుకుని వెంటపడే పిల్ల ఒకతె ఉంటుంది, ఆమె వెలుగు పడితే వెనక్కి పోతుంది. అంటే మనం నడిపే జలాంతర్గామి దీపం ముఖాన్ని ఆమె వైపు తిప్పి ఉంచుతూ, మనం పోవాల్సిన వైపు వెనక్కి నడపాలి. ఒక్క దీపంతో రెండు పనులు. తర్వాత అదే పిల్ల విషయంలో ఆట ఒక మలుపు తిప్పుతుంది. అది ఇక్కడ చెప్తే మీ మూడు గంటలు నేనే పాడుచేసినట్టు. రెంటిలో ఒక్కటే కొనాలంటే ఇన్‌సైడ్. లింబో తగ్గింపు ధరకి దొరికినప్పుడు చూసుకోవచ్చు.

లిటిల్ నైట్మేర్స్ (2017, స్వీడన్ టార్సియర్ స్టూడియోస్) ప్రచురించింది పెద్ద కంపెనీ కాబట్టి ఇండీ అనొచ్చో లేదో వాదించుకోవచ్చు. పసుపు రెయిన్‌కోటు పిల్ల, పొడుగు చేతుల గుడ్డి కాపలావాడు, జంట వంటవాళ్లు. బొమ్మల పని గొప్పది. కానీ పక్కనుంచి చూపిస్తూ లోపలికీ బయటికీ కూడా నడవనిస్తుంది. సన్నటి దూలం మీద ఎంత లోతులో ఉన్నామో కంటికి తెలియదు, చావుల్లో సగం దానివల్లే. కీబోర్డుతో ఎనిమిది దిక్కులే నడవగలం, దూలం అందులో ఏ దిక్కుకీ సరిగ్గా కుదరదు. కంట్రోలర్ ఉంటే దాని మీది పుల్లని సన్నగా తిప్పుకోవచ్చు. లేకపోతే లైటర్ వెలిగించి పాదాల దగ్గర నీడ చూసుకుంటూ నడవండి. కాపలావాడికి కళ్లు లేవు కాబట్టి చెక్క నేల మీద వంగి నడిస్తే చాలు, పరిగెత్తారా, దొరికారు.

ఇక సెలెస్ట్. 2018 ఆట, భయం లేదు, కొండెక్కడమే. మొత్తం ఒక్క రాత్రిలో కాదు, ఎనిమిది పది గంటలు పడుతుంది. అయినా ఈ వరసలో ఉండాల్సిందే, ఎందుకంటే చేతికి ఎంత ఇవ్వాలో దీనికి తెలిసినంతగా ఇంకో ఆటకి తెలియదు. తొక్కుడు బిళ్లలో కాలు గీతకి కాస్త తగిలినా చూసీ చూడనట్టు వదిలేసే మంచి జత ఉంటుంది చూడండి, అట్టాంటిది ఈ ఆట. అంచు దాటి గాల్లోకి వెళ్లాక కూడా సెకనులో పదో వంతు సేపు ఎగరనిస్తుంది. నేల తాకే ముందే బటన్ నొక్కేస్తే గుర్తుపెట్టుకుని తాకగానే ఎగురుతుంది. ఎగిరేటప్పుడు తల పైనున్న దిమ్మె మూలకి నాలుగు పిక్సెళ్ల లోపు తగిలితే పక్కకి జరిపి పోనిస్తుంది. ఎగురుడు పైకొసలో బటన్ నొక్కిపట్టి ఉంచితే బరువు సగానికి తగ్గి, దిగే చోటు చూసుకునే వ్యవధి దొరుకుతుంది. ఇవేవీ ఆటలో రాసి చూపించరు. ఆడేవాళ్లు తమ చెయ్యి తిరిగిందనుకుంటారు.

ఎక్కడ కచ్చితంగా ఉంటుందంటే, గోడని పట్టుకుని వేలాడే పట్టులో. ఓపిక 110. ఊరికే పట్టుకుని వేలాడితే సెకనుకి 10 పోతుంది, అంటే పదకొండు సెకన్లు. పైకి పాకితే సెకనుకి 45 దాకా పోతుంది, రెండున్నర సెకన్లకే ఖాళీ. పట్టు వదలకుండా నిటారుగా ఎగిరితే ఒక్కోదానికి 27.5, నాలుగుతో సరి. కాబట్టి పాకుతూ ఆలోచించొద్దు. ఆగి ఆలోచించి, ఆ తర్వాత పాకాలి. ఓపిక 20కి దిగితే ఒళ్లు ఎర్రగా మెరుస్తుంది. కాలు నేల తాకితే మళ్లీ మొత్తం నిండుతుంది.

కీబోర్డులో మామూలుగా సి ఎగరడానికి, ఎక్స్ దూసుకుపోవడానికి, జెడ్ పట్టుకోవడానికి. చవక కీబోర్డుల్లో, చాలా లాప్‌టాపుల్లో కూడా, రెండు బాణాలు నొక్కి ఉంచి మూడోది, నాలుగోది నొక్కితే ఒకటి నమోదు కాదు. ఐమూలగా దూసుకుపోబోతే నేరుగా పైకే పోతుంటే మీ చెయ్యి కాదు, కీబోర్డు. ఆప్షన్స్‌లో పట్టుకునే బటన్ని షిఫ్ట్‌కి మార్చి చూడండి, చాలాసార్లు తీరిపోతుంది. అప్పటికీ కష్టమైతే అసిస్ట్ మోడ్ ఉంది: వేగం తగ్గించుకోవచ్చు, ఓపిక అయిపోకుండా చేసుకోవచ్చు. అది వాడితే ఆడినట్టు కాదనే వాళ్ల మాట పట్టించుకోవద్దు. డబ్బులు పెట్టే ముందు రుచి చూడాలంటే, దీనికి మూలమైన చిన్న ఆట ఉచితంగా దొరుకుతుంది, నాలుగు రోజుల్లో చేసింది.

బాబా ఈజ్ యూ ఫిన్లాండ్ వాడైన ఆర్వి తెయికారి చేసింది, 2019. ఇక్కడ నియమాలు తెర మీద పదాల దిమ్మెలుగా పడుంటాయి. 'వాల్ ఈజ్ స్టాప్' అని మూడు దిమ్మెలు వరసగా ఉంటే గోడ అడ్డం. ఒక దిమ్మెని తోసేస్తే గోడలోంచి నడిచిపోవచ్చు. పులి-మేకలో మేక కదలిక ఎప్పుడూ ఒక్కటే; ఇక్కడ పలక మీద గీతల్నే చెరిపి రాసుకోవచ్చు. ఇంకో సంగతి: ఈ ఆట తెలుగులో పుట్టే అవకాశమే లేదు. మనకి 'గోడ అడ్డు', 'జెండా గెలుపు', రెండు మాటలతో వాక్యం అయిపోతుంది. మధ్యలో తోసుకోడానికి ఆ 'ఈజ్' దిమ్మె మన దగ్గర లేదు! సగం పజిళ్లు ఆ దిమ్మె మీదే నడుస్తాయి.

ఎట్టా ఆడాలంటే: ముందు ఏ వాక్యాలు మూలల్లో, గోడ వారన ఉన్నాయో చూడండి. దిమ్మెల్ని తోయగలం గానీ లాగలేం, కాబట్టి మూలలో ఇరుక్కున్నవి మారవు. అవే ఆ పజిల్ కొలతలు. మిగిలిన పదాల్లో దేన్ని దేని పక్కన పెట్టగలమో లెక్కేసుకోండి. మనం ఎవరిని నడిపిస్తున్నామో చెప్పేది 'యూ' ఉన్న వాక్యం; అది చెదిరితే ఆడటానికి ఎవరూ మిగలరు, పాట ఆగిపోతుంది. కంగారు పడకుండా జెడ్ నొక్కుతూ వెనక్కి రండి, ఎన్ని అడుగులైనా రానిస్తుంది. రెండొందలకు పైగా పజిళ్లున్నాయి, మధ్య నుంచి బాగా ముదురుతాయి. రాత్రికి ఐదారు చాలు. ఫోన్లో కూడా దొరుకుతుంది, బస్సులో ఆడుకునేవాళ్లకి అదే మేలు.

గోరోగోవా (2017) రెండు గంటలది, ఒక్క మాట లేకుండా నాలుగు బొమ్మల చట్రాల్ని జరిపి, ఒకదాని మీద ఒకటి పెట్టి ఆడేది. బొమ్మలన్నీ జేసన్ రాబర్ట్స్ చేత్తో గీసినవి. ఒకసారే ఆడతారు, తగ్గింపులో కొనండి.

ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్ (2014) గురించి కొత్తగా చెప్పేదేం లేదు. రాత్రి కాపలా మనది. గది తలుపులు, లైట్లు, కెమెరాలు అన్నీ ఒకే కరెంటు మీద నడుస్తాయి, కదలడం మాత్రం కుదరదు. మన మీదికొచ్చే యంత్రపు బొమ్మల్లో బోనీ ఎడమ తలుపుకి, చికా కుడికి వస్తారు. లైటు తట్టి ఆర్పేయడమే గానీ వెలిగించి ఉంచకూడదు, తలుపు ఊరికే మూసి ఉంచకూడదు. తెల్లారే లోపు కరెంటు అయిపోతే ఎట్టా ఉంటుందో మన వైపు వాళ్లకి వేరే చెప్పాలా.

పనికిమాలిన వాటి గురించి కూడా చెప్పాలి, అవే ఎక్కువ కాబట్టి. పాత ప్లేస్టేషన్ బొమ్మల తీరులో గంట సేపటి హారర్ ఆటలు వెల్లువగా వస్తున్నాయి. ఆ యంత్రం అంకెల్ని సన్నగా పట్టలేక బొమ్మల అంచులు వణికేవి, దూరం లెక్క లేక గోడ మీద రంగులు వంకర్లు పోయేవి. అది అప్పటి లోటు. ఇప్పుడు దాన్ని కావాలని పూసి, పైన వీడియో క్యాసెట్ మసక ఒకటి కప్పి, చీకటి వరండాలో తాళంచెవి వెతకమంటారు. నడక మరీ నెమ్మది. ఆ నెమ్మది భయం కోసం కాదు, ఇరవై నిమిషాల సరుకుని గంటకి సాగదీయడానికి. అరుపుతో ఉలిక్కిపడేట్టు చేయడం ఎవరికైనా వచ్చు. శబ్దం తీసేసి ఆడితే ఏమీ మిగలని ఆటకి డబ్బులు దండగ.

ఆటలు అమ్మే ఆన్‌లైన్ అంగడి స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే డబ్బులు వెనక్కి ఇస్తారు. మీ లాప్‌టాప్‌లో నడవకపోయినా, పైన చెప్పినట్టు మోసపోయినా వాడుకోండి. ఆట మొత్తం అయిపోగొట్టి వెనక్కివ్వడం మాత్రం పద్ధతి కాదు. సమ్మర్ ఆఫ్ 58 అనే చిన్న హారర్ ఆట చేసిన ఎమికా గేమ్స్ 2021లో, జనం ఇట్టా ఆడేసి వెనక్కిస్తున్నారని ఆటలు చెయ్యడమే ఆపేస్తున్నట్టు ప్రకటించింది.

లింబో, బాబా, సెలెస్ట్ చాలావరకు పాత లాప్‌టాపుల్లో కూడా నడుస్తాయి. ఇన్‌సైడ్ కుదుపుతుంటే రిజల్యూషన్ ఒక మెట్టు దించండి. ఒంగోలు ఎండల్లో ప్రాసెసర్ వేడెక్కి వేగం దానంతటదే తగ్గించుకుంటుంది, కాబట్టి మధ్యాహ్నం బాగాలేని ఆట రాత్రి బాగుండొచ్చు. పరుపు మీద మాత్రం పెట్టొద్దు, కింద గాలి మూసుకుపోతుంది. లింబో అంతా నలుపు, బూడిద రంగులే, ట్యూబ్‌లైటు కింద సగం కనిపించదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో శబ్దం కాస్త ఆలస్యంగా చేరుతుంది, ఇన్‌సైడ్ అలల దగ్గర ఆ కాస్తే చంపుతుంది. వైరున్న ఇయర్‌ఫోన్లు పెట్టుకోండి, అవి చెవిని పూర్తిగా మూసేవైతే ఫ్యాను హోరులో పోయే సన్న శబ్దాలు కూడా అందుతాయి.